ఫోల్డర్ల అడుగున ఓర్డెల్ గొంతు

గార్విన్ స్టెన్సెత్‌ని "నిన్న కనపడలేదేం?" అని అడగదలచినవాళ్ళు ముందు కూర్చోవడానికి చోటు చూసుకోవాలి. నిన్న అతను టైరు మార్పించుకోవడానికి వెళ్ళి ఉంటాడు. చెప్పడం టైరుతోనే మొదలుపెడతాడు. ఆ టైరులో దిగిన మేకు దగ్గర ఆగి, ఆ మేకు ఏ పశువుల కొట్టం కప్పునుంచి ఊడిపడిందో అందులోకి వెళ్ళి, ఆ కొట్టం కట్టించిన పెద్దాయన రెండో పెళ్ళిలోకి దిగి, ఆ విందులో వడ్డించిన చేప ఎలా ఉడికిందో చెప్పి, అక్కణ్ణుంచి ఒక్కొక్క మెట్టే వెనక్కి ఎక్కుతాడు. చేప అయింది, పెళ్ళి అయింది, కొట్టం అయింది, మేకు అయింది, మళ్ళీ టైరు. మధ్యలో ఏదీ వదలడు, ఏదీ రెండోసారి చెప్పడు. మా టోర్వాల్డ్ ఊరివాళ్ళకు ఇది అలవాటే కాబట్టి ఎవరూ అడ్డు తగలరు. ఉత్తర మిన్నెసోటాలో చలికాలం ఎలాగూ పొడుగు. ఒక కథ దానికి తగ్గట్టు సాగితే నష్టపోయేవాళ్ళు లేరు.

గార్విన్ ఉద్యోగం ధాన్యం గిడ్డంగి దగ్గర లారీలు తూచడం. ఒక లారీ వెళ్ళి ఇంకోటి వచ్చేలోపు చదువుకోవడానికి, గ్రంథాలయం వాళ్ళు పాతదని తీసేసిన ఒక లావుపాటి పుస్తకం ఇంటికి తెచ్చుకున్నాడు. అందులోనే పైథాన్ అనే కంప్యూటరు భాష నేర్చుకున్నాడు. చెప్పినవాళ్ళు లేరు, పరీక్ష పెట్టినవాళ్ళు లేరు. నేర్చుకున్నది ఎక్కడైనా వాడాలి కదా అని, పాత వెన్న ఫ్యాక్టరీ మేడమీద మేమంతా కలిసి నడుపుకునే చిన్న రేడియో స్టేషనుకు వచ్చి, జీతంలేని కంప్యూటరు ఇంజనీరుగా స్థిరపడ్డాడు.

ఆ భాషలో కంప్యూటరుకు రాసి ఇచ్చే పనిచీటీని స్క్రిప్టు అంటారు. గార్విన్ రాసిన వాటిలో అతనికి బాగా నచ్చింది ఫైళ్ళు వెతికే స్క్రిప్టు. అదెలా పనిచేస్తుందని నేనొకసారి అడిగాను. కుర్చీ చూసుకునే అడిగాను.

"ఒక ఫోల్డరు తలుపు తెరువు," అన్నాడు. "అందులో ఉన్న ఫైళ్ళన్నీ చూడు. ఇంకో ఫోల్డరు కనపడిందా, దాన్లోకెళ్ళి మళ్ళీ ఇదే పని మొదటినుంచి చెయ్యి. అందులో ఇంకోటుంటే దాన్లోకీ వెళ్ళు. చూడ్డానికేమీ మిగలకపోతే వచ్చిన దారినే వెనక్కి రా."

"అంతేనా?"

"అంతే. మిగతాదంతా ఓపిక."

అది విన్నాక నాకు ఒక సంగతి తెలిసింది. గార్విన్ స్క్రిప్టు రాయలేదు, తన స్వభావాన్నే రాసి కంప్యూటరులో పెట్టాడు.

ఆ ఓపికకు పరీక్ష పెట్టడానికే అన్నట్టు మా స్టేషన్లో మార్లిస్ ఓక్రె ఉండేది. డెబ్భై దాటిన మనిషి. రోజూ పొద్దున్నే ఆమె కార్యక్రమంలో జనం ఫోను చేసి, అమ్మదలచుకున్న మంచాలూ, కొనదలచుకున్న ట్రాక్టర్లూ, తప్పిపోయిన పిల్లులూ చెప్పుకునేవాళ్ళు. ఆ తర్వాత ఊరివాళ్ళలో ఒకరిని కూర్చోబెట్టి మాట్లాడించేది. అలా పోగైన రికార్డింగులన్నీ ఆమె కంప్యూటరు తెరమీద చల్లిన బఠాణీల్లా పరుచుకునేవి. తెర నిండిపోగానే మార్లిస్ "తర్వాత సర్దుదాం" అని పేరుపెట్టి ఒక ఫోల్డరు తెరిచి, తెరమీద ఉన్నవన్నీ అందులోకి తోసేసేది. కొన్నాళ్ళకు తెర మళ్ళీ నిండేది. అప్పుడింకో "తర్వాత సర్దుదాం". తెరమీద ఉన్నవన్నీ అంటే పాత "తర్వాత సర్దుదాం" కూడా అందులోకే. ఇలా ఒకదాని కడుపులో ఒకటిగా ఎన్ని ఉన్నాయో ఆమెకే తెలియదు.

"లోపలికి దిగాక పైకి రావడం ఆయాసంగా ఉంది గార్విన్," అని ఆమె ఒకప్పుడు ఫిర్యాదు చేసింది. ఆమె మేడమెట్ల గురించి చెబుతున్నట్టే చెప్పింది. గార్విన్ జాలిపడి, ప్రతి ఫోల్డరులోనూ "ఇంటికి" అని ఒక లింకు పెట్టాడు. ఎంత లోతున ఉన్నా దాన్ని నొక్కితే తిన్నగా పై ఫోల్డరుకు వచ్చిపడొచ్చు.

ఇంకొక స్క్రిప్టు కూడా ఉండేది. రికార్డింగు మొదలుపెట్టే ముందు మైకులో గొంతు ఎంత పలుకుతోందో చూడటానికి ఎవరినైనా "పొద్దున ఏం తిన్నారు?" అని అడగడం రేడియో వాళ్ళ ఆచారం. ఎంత సిగ్గరి అయినా దీనికి జవాబు చెబుతాడు. పని అయిపోయాక ఆ ముక్క పారేస్తారు. మార్లిస్ పారేసేది కాదు. ఊరందరి ఓట్స్ గంజీ, ఊరందరి కాల్చిన రొట్టే మా డిస్కులో పేరుకుపోయింది. అందుకని నిమిషంకన్నా చిన్న రికార్డింగులన్నీ వెతికి తుడిచేసే స్క్రిప్టొకటి గార్విన్ రాసి, ప్రతి బుధవారం మధ్యాహ్నం పన్నెండింటికి దానంతటది లేచి పనిచేసేట్టు పెట్టాడు. అయినా డిస్కు నిండుగానే ఉండేది. గార్విన్ ఒక్క మాట అనేవాడు కాదు గాని, మార్లిస్ వైపు అదోలా చూసేవాడు.

ఆ ఏడు కౌంటీ సంత వారంలో, సోమవారం పొద్దున, ఆర్డిస్ హౌగెన్ ఒక పళ్ళెం నిండా రబర్బ్ అనే పుల్లటి కాడలతో బర్ఫీలాంటి ముక్కలు చేసుకుని మేడెక్కింది. ఆర్డిస్, మార్లిస్ చిన్నప్పుడు ఒకే బల్లమీద కూర్చుని చదువుకున్నారు. ఆర్డిస్ మొగుడు ఓర్డెల్ వేలంపాటలు నడిపే మనిషి, ధరలను గుక్కతిప్పుకోకుండా పాటలా పలికేవాడు. చుట్టుపక్కల ఎవరి ఆవులు అమ్మాలన్నా, ఎవరి పొలం చేతులు మారాలన్నా ఓర్డెల్ గొంతు మీదుగానే జరిగేది. ఆయనకు మైకు ఇస్తే అవమానంగా భావించేవాడు. ఆ చలికాలంలో గొంతులో గడ్డ తీశారు. మనిషి దక్కాడు. గొంతు దక్కలేదు. మిగిలింది గుసగుస.

కాఫీ తాగుతావా అంటే వద్దు వద్దు వద్దు అని మూడుసార్లు చెప్పి, మా ఊరి మర్యాద పూర్తయ్యాక, ఆర్డిస్ కప్పు అందుకుంది.

"గుసగుసగా అయినా మాట్లాడమన్నాడే డాక్టరు," అంది. "ఈయన మాట్లాడడు. ఇంటికెవరైనా వస్తే గ్యారేజీలోకి పోయి తలుపు కిందికి లాగేసుకుంటాడు. మొన్న పాస్టరుగారొస్తే కూడా అంతే."

"పాస్టరుగారొస్తే నేనూ అదే చేస్తాను," అంది మార్లిస్.

"నవ్వించకే. శనివారం సంతలో అగ్నిమాపక దళం వాళ్ళు చందా కోసం పెట్టే కేకుల వేలం ఉందా, ఇన్నేళ్ళూ అది ఈయనే పాడాడు. ఈసారి పక్క కౌంటీ నుంచి ఎవర్నో పిలుచుకోమని కబురు పెట్టాడు. తను సంతకే రానంటున్నాడు. సంతకు రాని ఓర్డెల్‌ని నువ్వెప్పుడైనా చూశావా?"

మార్లిస్ చూడలేదు. ఎవరూ చూడలేదు.

"నువ్వోసారి ఆయన్ని ఇక్కడికి పిలిచి మాట్లాడించావు, గుర్తుందా. ఆ గొంతు మీ దగ్గరుంటుంది కదా. ఒక్కసారి వినిపించగలిగితే... పూర్తిగా పోలేదు, ఎక్కడో ఒకచోట ఉంది అని తెలిస్తే, ఆ గ్యారేజీలోంచి బయటికొస్తాడేమోనని నా ఆశ."

"ఇంట్లో ఒక్క రికార్డింగు కూడా లేదా?" అని గార్విన్ అడిగాడు.

"రోజంతా అరిచే మనిషిని ఎవరు రికార్డు చేసుకుంటారు నాయనా. మనవడు ఫోన్లో తీసింది ఒకటుంది. అందులో గాలి పాడుతోంది."

"ఉంటుంది, ఉంటుంది," అంది మార్లిస్ ధీమాగా. "నేనేదీ పారెయ్యను. 'తర్వాత సర్దుదాం'లో ఉంటుంది."

గార్విన్ కళ్ళు మూసుకుని తెరిచాడు. కుర్చీ లాక్కుని, పేరులో ఓర్డెల్ అని ఉన్న ఫైలు ఎక్కడున్నా పట్టుకురమ్మని స్క్రిప్టును లోపలికి పంపాడు.

అది వెళ్ళింది. వెళ్ళినది రాలేదు. ఎక్కడెక్కడికి పోతోందో తెరమీద రాసుకుంటూ పోతోంది. తర్వాత సర్దుదాం, దాన్లో తర్వాత సర్దుదాం, దాన్లో తర్వాత సర్దుదాం. వరస తెర చివరికి వచ్చి, విరిగి, కింది గీతలోకి దిగింది. కంప్యూటరు పంఖా ఎండాకాలం కుక్కలా రొప్పుతోంది.

"మార్లిస్, మీరు మొత్తం ఎన్నిసార్లు సర్దారు?"

"ఎక్కువేం కాదు. తెర నిండినప్పుడల్లా."

"ఇదింకా దిగుతూనే ఉంది."

"జాగ్రత్తగా దాచానన్నమాట."

గార్విన్ గొంతులో విసుగుకన్నా గౌరవమే ఎక్కువుంది. "ఇంత లోతు నేనెక్కడా చూడలేదు. చెప్పినా ఎవరూ నమ్మరు."

ఆర్డిస్ ఇక వెళ్తానని లేచింది. మా ఊళ్ళో వెళ్తానని లేవడానికీ వెళ్ళడానికీ మధ్య ఇంకో కాఫీ పడుతుంది. ఆమె గుమ్మం దగ్గర నిలబడి, వాన గురించి, మొక్కజొన్న గురించి, మార్లిస్ మోకాలి గురించి మాట్లాడటం పూర్తయ్యి, కారెక్కి, హారన్ కొట్టి వెళ్ళిపోయినా స్క్రిప్టు తిరిగి రాలేదు.

అప్పుడు గార్విన్ కళ్ళజోడు తుడుచుకుని తెరకు ముక్కు ఆనించి ఆ వరసను నెమ్మదిగా చదివాడు. తర్వాత సర్దుదాం. తర్వాత సర్దుదాం. ఇంటికి. తర్వాత సర్దుదాం. ఇంటికి. తర్వాత సర్దుదాం.

"ఈ 'ఇంటికి' ఏమిటి?" అన్నాడు.

"నువ్వు పెట్టిందే. నేను మెట్లెక్కలేనని."

గార్విన్ టోపీ తీసి బల్లమీద పెట్టాడు. మా ఊళ్ళో మగవాళ్ళు టోపీ తీసేది చర్చిలోనూ, ఇలాంటప్పుడూ. లింకును కూడా స్క్రిప్టు మరో ఫోల్డరనే అనుకుంది. చెప్పినట్టే బుద్ధిగా లోపలికి వెళ్ళింది. వెళితే అది మొదటి గుమ్మమే. అక్కణ్ణుంచి పని మళ్ళీ మొదలు.

"గుండ్రంగా తిరుగుతోంది. పాపం, పొద్దున్నుంచీ."

"పాపం దానిదా, నీదా?"

"నాదే."

దిద్దడం కష్టం కాలేదు. లింకు కనపడితే దాటిపో అని ఒక్క వాక్యం. ఫోల్డర్లలో తిరిగే పనిని గార్విన్ ఒకేచోట రాసిపెట్టుకున్నాడు. అతని స్క్రిప్టులన్నీ ఆ నడకనే అరువు తెచ్చుకుంటాయి. "ఒక్కచోట బాగుచేస్తే అన్నిచోట్లా బాగైనట్టే," అన్నాడు గర్వంగా. ఆ మాట గుర్తుపెట్టుకోదగిందని అప్పుడు మాలో ఎవరికీ తోచలేదు.

ఈసారి స్క్రిప్టు మార్లిస్ కాఫీలో పాలు కలుపుకునేలోపే ఫైలుతో తిరిగొచ్చింది.

మంగళవారం ఆర్డిస్ వచ్చి, కొత్త జాకెట్టు సర్దుకుని, స్పీకరుకు ఎదురుగా కూర్చుంది. గార్విన్ మీట నొక్కాడు.

"ఇవాళ మనతో ఓర్డెల్ హౌగెన్ ఉన్నారు," అంటోంది స్పీకరులో మార్లిస్. "ఓర్డెల్, మీరు వేలంపాట మీ నాన్నగారి దగ్గర నేర్చుకున్నారు కదూ, చిన్నప్పుడు పాలు పితుకుతూ ఆవులకు వేలం పాడేవారట, ఆ ఆవుల్లో ఒకటి ఆ పాట మొదలుపెడితేనే పాలిచ్చేదట, నిజమేనా?"

"అవును," అన్నాడు ఓర్డెల్.

"మరి అంత వేగంగా పాడుతుంటే నాలుక తిరగబడదా, నేనైతే రెండో మాటకే పడిపోతాను, మా అమ్మ కూడా అనేది, మార్లిస్, నీ నోటికి కళ్ళెం లేదుగాని నీకు కావలసినంత గాలీ లేదు అని, మీకెలా వస్తుంది?"

"అలవాటు."

అలా సాగింది. మార్లిస్ పుట్టిన ఊరు, మార్లిస్ తొలిసారి వేలంలో కొన్న గడియారం, ఆ గడియారం ఆగిపోయిన వైనం అందులో ఉన్నాయి. ఓర్డెల్ వంతుకు అవును, కావచ్చు, అలాంటిదే, థాంక్స్ వచ్చాయి. వేలంపాట ఒక్క ముక్క లేదు.

రికార్డింగు ఆగింది. మార్లిస్ స్పీకరు వైపు చూడకుండా తన చెప్పుల వైపు చూసింది.

"నేనింత మాట్లాడతానా?" అని గార్విన్‌ని అడిగింది.

"ఫరవాలేదు," అన్నాడు గార్విన్. మా ఊళ్ళో పిడుగు పడినా ఇదే మాట.

"ఈ నాలుగు మాటలు ఇంట్లో కూడా అనేవాడే," అంది ఆర్డిస్. నవ్వబోయింది గాని నవ్వు రాలేదు. పళ్ళెం తీసుకుని లేచింది. గుమ్మం దగ్గర ఆగకుండా వెళ్ళిపోయింది. అది చూసి మాకు భయం వేసింది.

బుధవారం మధ్యాహ్నం ముందు, వీధికి అవతల కేఫ్‌లో గార్విన్, మార్లిస్, నేను ఒకే బల్ల దగ్గర ఉన్నాం. మాంసంమీద బంగాళాదుంపలు పరిచి కాల్చిన హాట్‌డిష్ తింటున్నాం. గోడమీద రేడియోలో మా స్టేషనే వస్తోంది. బుధవారం మధ్యాహ్నాలు రికార్డు చేసిన చర్చి పాటలు వాటంతటవే నడుస్తాయి, మనిషి అక్కర్లేదు. పక్కబల్ల దగ్గర అగ్నిమాపక దళం మనుషులిద్దరు కేకుల వేలానికి బల్లలు ఎవరు మొయ్యాలో తేల్చుకుంటున్నారు. ఆర్డిస్ మమ్మల్ని కిటికీలోంచి చూసి లోపలికొచ్చింది.

"ఇవాళ పొద్దున నోరు విప్పాడే," అంది మార్లిస్ పక్కన కూర్చుంటూ. "నిన్నటి సంగతి చెప్పాను, మార్లిసే మాట్లాడింది, నువ్వు పాడలేదు అని. గుడ్డు తింటూ గుసగుసగా అన్నాడూ, 'పాడాను. అంతకుముందు. పొద్దున తిన్నది అమ్మేశాను' అన్నాడు. అదేమిటో నాకు అర్థం కాలేదు. మళ్ళీ అడిగితే గ్యారేజీలోకి పోయాడు."

మార్లిస్ చెంచా కింద పెట్టింది. "అవునే. మైకు చూద్దామని పొద్దున ఏం తిన్నావని అడిగాను. అడిగితే ఈయన చెప్పలేదు, వేలం వేశాడు. నేను నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకున్నాను. ఆ చిన్న ముక్క ఎక్కడికి పోతుంది, దాచే ఉంటాను."

"దాస్తారు," అన్నాడు గార్విన్ నెమ్మదిగా. "నేను తుడిపిస్తాను. బుధవారం బుధవారం."

రేడియోలో కీర్తన సాగుతోంది.

"అంటే పోయిందా?" అంది ఆర్డిస్.

గార్విన్ చెంచా గాల్లోనే ఉంది. అతను లోపలికి దిగడం మొదలుపెట్టాడు. "ఉండండి. తుడిచేది ముందు అంతా తిరిగి చూస్తుంది. చూడ్డం పూర్తయితేనే తుడవడం మొదలుపెడుతుంది. తొందరపడి తుడవకూడదని నేనే అలా రాశాను. తిరగడానికి నా నడకే కదా. ఆ నడక 'ఇంటికి'లో పడి గుండ్రంగా తిరిగింది. సాయంత్రం వార్తలకు కంప్యూటరు ఖాళీగా ఉండాలి కాబట్టి అప్పటికి ఎక్కడున్నా పని ఆపెయ్యమని రాశాను. అంటే చూడ్డం ఎప్పుడూ పూర్తి కాలేదు. అంటే ఇన్నాళ్ళూ అది ఒక్క ఫైలు కూడా తుడవలేదు."

"పని పూర్తయిందని నీకు చెప్పదా అది?" అని అడిగాను.

"పూర్తయితే చెప్పమన్నాను. ఎప్పుడూ చెప్పలేదు. మాటా పలుకూ లేదంటే అంతా బాగానే ఉందనుకున్నాను."

దీనికి అతన్ని తప్పు పట్టడానికి లేదు. మా ఊళ్ళో సంసారాలే ఆ నమ్మకం మీద నడుస్తున్నాయి.

"డిస్కు నిండిపోతోందని నన్ను అనుమానించావు," అంది మార్లిస్.

"అనుమానించాను."

"తెలుసు."

"అయితే ఉన్నట్టే కదా నాయనా," అంది ఆర్డిస్.

"ఉంది," అన్నాడు గార్విన్. వచ్చిన దారినే ఒక్కో మెట్టూ వెనక్కి ఎక్కుతూ చివరి మెట్టు దగ్గర ఆగిపోయాడు. "నడక చెడిపోయి ఉంది కాబట్టి ఉంది. మొన్న నేను దాన్ని బాగుచేశాను. అన్నిచోట్లా."

చర్చి గంట పన్నెండు కొట్టడం మొదలుపెట్టింది.

గార్విన్ పరిగెత్తడం టోర్వాల్డ్‌లో అంతకుముందు ఎవరూ చూడలేదు. అతను తుఫానులో కూడా నడిచే మనిషి. చెంచా చేతిలోనే ఉంది, మెడలో రుమాలుంది, అలాగే తలుపు తోసుకుని వీధి దాటేశాడు. పక్కబల్ల అగ్నిమాపక దళం వాళ్ళు అది చూసి, గార్విన్ పరిగెత్తుతున్నాడంటే మంటే అయ్యుండాలని లేచి అతని వెనక పరిగెత్తారు. వాళ్ళ వెనక ఆర్డిస్, ఆమె వెనక నేను. అందరికన్నా వెనక, మోకాలు పట్టుకుని, "నన్ను వదిలేసి పోతే ఏ ఫోల్డరో ఎవడు చెబుతాడర్రా" అంటూ మార్లిస్.

మేం మెట్ల మధ్యలో ఉండగా కీర్తన మాట మధ్యలో తెగిపోయింది. స్టేషనంతా నిశ్శబ్దం. పైకెళ్ళి చూస్తే గార్విన్ గోడ దగ్గర మోకాళ్ళమీద కూర్చుని ఉన్నాడు. ఏ ప్లగ్గు దేనిదో చూసే తీరిక లేక అన్నీ పీకేశాడు. చేతినిండా తీగలు.

"మంటెక్కడ?" అన్నాడు అగ్నిమాపక దళం మనిషి.

"లేదు. ఓర్డెల్ తిన్నది చెరిగిపోతోంది."

వాళ్ళిద్దరూ మొహాలు చూసుకుని, ఇంకో ప్రశ్న వెయ్యకుండా కుర్చీలు లాక్కున్నారు. ఫోను మోగింది. ప్రసారం ఎందుకు ఆగిందని ఎవరో పెద్దావిడ. "ప్రార్థన చేసుకోండి, వస్తుంది," అని మార్లిస్ ఆయాసపడుతూ చెప్పి పెట్టేసింది.

గార్విన్ కంప్యూటరు మళ్ళీ వెలిగించి, ముందు తుడిచే స్క్రిప్టును లేవకుండా చేశాడు. తర్వాత నష్టం చూశాడు. బాగుపడ్డ నడక చాలా చురుగ్గా ఉంది. అంతా చూసేసింది, తుడవడం కూడా మొదలుపెట్టింది. పై ఫోల్డరులో పాస్టరుగారి ఓట్స్ గంజి పోయింది. పోస్టుమాస్టరు దోసకాయ ఊరగాయ పోయింది. మార్లిస్ చెప్పిన గుర్తుల ప్రకారం ఒక్కో ఫోల్డరే దిగుతూ పోతే, బాగా అడుగున, ఓర్డెల్ ముక్క చెక్కుచెదరకుండా ఉంది.

"పొద్దున ఏం తిన్నావు ఓర్డెల్?" అంది స్పీకరులో మార్లిస్.

కిటికీ అద్దాలు అదిరాయి.

"రెండు గుడ్లు, రెండు గుడ్లు, కోడికింకా తెలీని గుడ్లు, డాలరు డాలరు డాలరిచ్చేదెవరు, డాలరున్నర, వెనక టోపీ పెద్దాయన, డాలరున్నర, రెండు, రెండు, రొట్టె కూడా ఉందమ్మా ఒకవైపే మాడింది, రెండోవైపు బంగారం, ఆర్డిస్ చేతి కాఫీ ఊరికే ఇస్తా ఎవరూ కొనరు కనక, రెండు, రెండు, ఒకటోసారి, రెండోసారి, మూడోసారి, ఎరుపు గళ్ళ చొక్కా ఆయనకు, తీసుకుపోండి చల్లారకముందే."

అగ్నిమాపక దళం మనుషుల్లో ఒకాయన గళ్ళ చొక్కా వేసుకుని ఉన్నాడు. తన చేతుల్లోకి చూసుకున్నాడు.

స్పీకరులో మార్లిస్ నవ్వు, ఆ తర్వాత ఆమె మాట: "అయ్యబాబోయ్. ఇది పశువుల సంత కాదు ఓర్డెల్. అంత గొంతు వద్దు. ఈ మైకు నువ్వు ఊపిరి పీల్చినా పట్టుకుంటుంది."

అక్కడికి ముక్క అయిపోయింది.

"నా కాఫీకేమైంది?" అంది ఆర్డిస్, ముక్కు తుడుచుకుంటూ.

ఆ ముక్కను ఆర్డిస్ ఇంటికి పట్టుకెళ్ళి వినిపించింది. గ్యారేజీలో జరిగింది మాకు ఆమె చెబితే తెలిసింది. ఓర్డెల్ చేతిలో రెంచి పట్టుకుని నిలబడే విన్నాడు. అయిపోగానే మళ్ళీ పెట్టమని వేలితో సైగ చేశాడు. మూడోసారికి తనే శబ్దం పెంచాడు. పొరుగింటివాళ్ళు ఓర్డెల్‌కి గొంతొచ్చిందని పరుగున వచ్చి గ్యారేజీ తలుపు తట్టారు. ఓర్డెల్ తలుపెత్తాడు. వాళ్ళు ఏం చెప్పాలో తోచక నిలబడిపోతే, ఆయనే గుసగుసగా అన్నాడట: "గుడ్లు చవగ్గా వదిలేశాను."

మర్నాడు ఆయన మా మేడెక్కి వచ్చాడు. గార్విన్ ఒక తీగకు అతుకు వేస్తున్నాడు. ఓర్డెల్ అతని చెవి దగ్గరికి వంగాడు.

"ఆ ఊపిరి పట్టుకునే మైకు ఉందే. అది బయటికి తేవచ్చా?"

"తేవచ్చు," అన్నాడు గార్విన్. "ఆ మైకు సంగతి చెప్పాలంటే, అసలు అది మొదట ఈ ఊళ్ళోది కాదు, దాన్ని..."

"తేవచ్చన్నావుగా, చాలు," అంది మార్లిస్.

శనివారం సంతలో కేకుల గుడారం కింద పక్క కౌంటీ వేలం ఆయన వచ్చి, గొంతు సవరించుకుంటూ ఉన్నాడు. ఓర్డెల్ శుభ్రంగా ఇస్త్రీ చేసిన చొక్కాతో వేదిక ఎక్కి, ఆయనతో చెయ్యి కలిపి, మైకు ముందు నిలబడ్డాడు. గార్విన్ పక్కనే చతికిలబడి తీగ పట్టుకుని కూర్చున్నాడు. ఓర్డెల్ మొదటి కేకు ఎత్తి పట్టుకుని, పెదవులు మైకుకు ఆనించాడు.

"చాక్లెట్ కేకు," అంది గుడారమంతా ఒక గుసగుస.

ముందు వరసలు నిశ్శబ్దమయ్యాయి. వెనకవాళ్ళు ముందువాళ్ళను చూసి నోళ్ళు మూసుకున్నారు. నిమ్మసోడా మిషను తిప్పేవాడు తిప్పడం ఆపాడు. ఏడుస్తున్న పిల్లను తల్లి ఎత్తుకుని దూరంగా పోయింది. అవతల ట్రాక్టర్ల పోటీ వాళ్ళకు ఎవరో పోయి చెబితే ఇంజన్లు ఆపారు. ఆ సంతలో అంత నిశ్శబ్దం నేనెన్నడూ వినలేదు.

"అయిదు," అన్నాడు ఓర్డెల్ ఊపిరితోటే. "అయిదిచ్చేదెవరు."

గళ్ళ చొక్కా ఆయన నోరు తెరిచి, చుట్టూ చూసి, చెయ్యి అడ్డం పెట్టుకుని గుసగుసగా అన్నాడు: "అయిదు."

"ఆరు," అని వెనకనుంచి పోస్టుమాస్టరు భార్య, చర్చిలో పక్కమనిషికి చెప్పినట్టు.

ఎవరూ గొంతెత్తలేదు. గొంతెత్తడం ఏదో తప్పులా ఉంది. పాట నిదానంగా, ఒక్కో అంకే ఒక్కో ఊపిరిగా పెరిగింది. తన వంతు గుసగుసలాడాలని ఆరాటమో ఏమో, కేకులు తినని మనుషులు కూడా పాడారు. మూడోసారి అన్నాక ఓర్డెల్ వేదికమీదనుంచి వంగి కేకు అందించాడు. చప్పట్లు కొట్టబోయిన వాళ్ళు సగంలో చేతులు ఆపుకుని, వేళ్ళతో వేళ్ళు తట్టారు.

పక్క కౌంటీ ఆయన ముందుకొచ్చి, అలసిపోయి ఉంటారు, రెండోది నేను పాడనా అన్నట్టు చెయ్యి చాపాడు. ఓర్డెల్ ఆ చేతిలో తన టోపీ పెట్టి పట్టుకోమని, బల్లమీదనుంచి రెండో కేకు ఎత్తాడు.